కొత్త పార్టు, పాత బండి: తేడా వచ్చేది అతుకు దగ్గరే

ఆ రాత్రి బైకు మీద పొదిలి నుంచి ఒంగోలు వస్తున్నాం, నేనూ మా బావమరిదీ. తొమ్మిది దాటింది. చీమకుర్తి దాటి కొంచెం ముందుకు వచ్చామో లేదో డూమ్ లైటు, అదే హెడ్ లైటు, రెండుసార్లు ఎర్రగా కొట్టుకుని ఆరిపోయింది. ఎదురుగా గ్రానైట్ రాయి వేసుకున్న లారీ ఫుల్ లైట్లతో వస్తోంది, మాకు ముందు రోడ్డు లేదు, పక్కన మార్జిన్ ఎక్కడుందో తెలీదు. ఎలాగో బండి పక్కకి దించి, ఫోన్ లైటు వేసి చూస్తే ప్లాస్టిక్ కాలిన వాసన. ఫోన్ వెలుగులోనే, ఇరవై స్పీడులో, ఆగి ఆగి ఇల్లు చేరాం.

పొద్దున డూమ్ విప్పాను. బల్బు వెనకాల తగిలించే హోల్డరు ఉంటుంది కదా, మూడు చీలికలతో, అది ఒక మూల కరిగి ముద్దయింది. దాంట్లోకి వచ్చే వైరు తొడుగు ఎండిన కొబ్బరి పీచులాగా పెళుసెక్కిపోయింది, వేలితో వంచితే పెచ్చులు రాలుతున్నాయి. తమాషా ఏంటంటే బల్బు మాత్రం భేషుగ్గా ఉంది. బ్యాటరీకి పెట్టి చూస్తే ధగధగా వెలిగింది.

బల్బు నేను రెండు వారాల ముందు వేసిందే. బండితో వచ్చింది 35/35 వాట్లది, అంటే హై బీమ్‌కి 35, లో బీమ్‌కి 35, హెచ్ఎస్1 రకం. నేను తెచ్చింది హెచ్4 రకంలో 100/90. రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, చుట్టూ ఉండే రెక్క దగ్గరే చిన్న తేడా, దాన్ని ఆకురాయితో కొంచెం రాకి కూర్చోబెట్టాను. అలా రాకుతున్నప్పుడే ఆగి ఆలోచించాల్సింది, కంపెనీవాడు రెండు బల్బులకి రెండు రకాల రెక్కలు పెట్టింది ఊరికే కాదని. మా మెకానిక్ బాబాయ్ ఆ హోల్డరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "బల్బుదేం తప్పులేదబ్బాయ్, నువ్వు ఏడ తగిలించావో ఆడే కాలింది" అన్నాడు.

ఇంట్లో కూర్చుని బండికి పార్టులు మార్చుకునేవాళ్లు మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మనం డబ్బు, టైమూ, ఆరాటం అంతా పార్టు మీదే పెడతాం, ఏ బ్రాండు, ఎంత రేటు, ఒరిజినలా డూప్లికేటా అని. బండి దెబ్బతినేది ఆ పార్టు పాత బండితో కలిసే చోట. అతుకు అనండి, జాయింటు అనండి. బల్బుకీ వైరుకీ మధ్య ఒక అతుకు, టైరుకీ రిమ్ముకీ మధ్య ఒకటి, సైలెన్సరుకీ ఇంజనుకీ మధ్య ఒకటి. బండికీ ఆర్‌సీ కాగితానికీ మధ్య కూడా ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు లైటు లెక్క చూద్దాం, ఎందుకంటే అందరూ మొదట మార్చేది ఇదే. 12 వోల్టుల మీద 35 వాట్ల బల్బు దాదాపు 2.9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 100 వాట్లది 8.3 ఆంపియర్లు. మూడు రెట్లు కూడా పెరగలేదు, దీనికే కరిగిపోవాలా అనిపిస్తుంది. కానీ వైరులో, స్విచ్చిలో, హోల్డరు చీలికల్లో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే అతుకు దగ్గర వేడి సుమారు ఎనిమిది రెట్లయింది. అదీ ఆ అతుకు కొత్తగా, బిగుతుగా ఉంటే. మా నాన్న కొన్న బండి అది, ఏపీ 27 నంబరు, ఏళ్లు గడిచి రాగి రేకులు నల్లబడి వదులయ్యాయి, వదులైన కొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే ఇంకా వేడి. మామూలు హెచ్4, అంటే 60/55 వాట్లది వేసినా 5 ఆంపియర్లు, వేడి దాదాపు మూడింతలు.

దీనికి విరుగుడు రిలే, అంటే కొంచెం కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి. యాభై ఏళ్ల నాటి సరుకు, ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. దాని కింద నాలుగు కాళ్లకి 30, 85, 86, 87 అని నంబర్లు వేసి ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక లావు వైరు ఫ్యూజు గుండా 30కి వస్తుంది, 87 నుంచి బల్బుకి పోతుంది. పాత లైటు వైరుని 86కి ఇస్తాం, 85ని ఎర్త్ చేస్తాం. ఇప్పుడు హ్యాండిల్ మీది స్విచ్చి బల్బు కరెంటు మోయదు, రిలే లోపలి చిన్న కాయిల్ని లేపడానికి సరిపడా, ఆంపియరులో ఐదో వంతో ఎంతో, అంతే మోస్తుంది. హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి, రెండు రిలేలు పెట్టాలి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి, బల్బు దగ్గర పెడితే మధ్యలో వైరు ఫ్రేముకి రాసుకుని షార్టయినప్పుడు ఆ ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది, వైరు కాలుతుంది.

అయితే రిలే కరెంటుని దారి మళ్లిస్తుందే కానీ పుట్టించదు. బండిలో కరెంటు పుట్టేది మాగ్నెటో కాయిల్లో, దాని సత్తా ఇంజను తిరిగే వేగాన్ని బట్టి. రైల్వే గేటు దగ్గర లైటు వేసి ఇంజను ఆన్‌లో పెట్టుకుని పది నిమిషాలు నిలబడితే పెద్ద బల్బు బ్యాటరీని తాగేస్తుంటుంది. మల్టీమీటరు మూడు నాలుగు వందలకి దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. ఇంజను ఆపి కాసేపయ్యాక బ్యాటరీ మీద 12.6 దరిదాపుల్లో చూపించాలి, ఇంజను కొంచెం రేజ్ చేసి లైటు వేస్తే 13.5 నుంచి 14.5 లోపల. లైటు వేశాక కూడా 13 దాటకపోతే మీరు తగిలించినవన్నీ కలిపి కాయిల్ స్తోమతని మించిపోయాయని అర్థం. ఇంకోటి, కొన్ని పాత బండ్లలో హెడ్ లైటు బ్యాటరీ మీద కాకుండా నేరుగా మాగ్నెటో మీద నడుస్తుంది, యాక్సిలేటర్ ఇస్తే లైటు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది, అదే గుర్తు. వాటికి ఈ రిలే లెక్క ఉన్నదున్నట్టు పనికిరాదు.

ఎల్ఈడీ వేస్తే సరిపోలా, కరెంటు తక్కువ తింటుంది కదా అంటారు. నిజమే, తింటుంది తక్కువే. అక్కడ అతుకు మారుతుంది. డూమ్ లోపలి అద్దపు గిన్నె, అదే రిఫ్లెక్టరు, ఒక సన్నని ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కేసి చేసింది. ఎల్ఈడీలో చిప్పులు ఒక పలకకి అటూ ఇటూ అతికించి ఉంటాయి. అది ఆ చోటులో లేకపోతే వెలుగు రోడ్డు మీద పడాల్సింది పోయి చెట్ల కొమ్మల మీదా, ఎదురొచ్చేవాడి కళ్లలోనూ పడుతుంది. మనకి ముందు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి బ్రహ్మాండం అనుకుంటాం. పరీక్ష తేలిక: మార్చకముందే రాత్రి గోడకి ఓ పది అడుగుల దూరంలో బండిని నిలబెట్టి, లో బీమ్ వేసి, గోడ మీద వెలుగు అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గీత గీయండి. బల్బు మార్చాక అక్కడే నిలబెట్టి చూడండి. గీత పైకి పొంగితే ఆ బల్బు మీ డూమ్‌కి కాదు, ఎంత ఖరీదుదైనా సరే.

ఇండికేటర్లకి ఎల్ఈడీ వేస్తే టకటకటకమని పిచ్చిగా కొట్టుకుంటాయే, దానిదీ ఇదే జాతకం. ఇండికేటర్లని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషరు రెండు పది వాట్ల బల్బులు తినే కరెంటుకి అలవాటు పడింది, ఎల్ఈడీ ఆ కరెంటు తినదు, బల్బు మాడిపోయిందనుకుని వేగం పెంచుతుంది. ఎల్ఈడీ ఫ్లాషరు అని విడిగా దొరుకుతుంది, అది వేస్తే కుదురుకుంటుంది.

వైర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మనకి వానలు అక్టోబరు, నవంబరుల్లో దంచుతాయి, నెల్లూరు వైపు ఇంకా ఎక్కువ. వైర్లని మెలితిప్పి పైన నల్ల టేపు చుట్టిన ప్రతి అతుకూ ఆ రెండు నెలల్లో బయటపడుతుంది. సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి, లేదా వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు వాడండి. నల్ల టేపు మే నెల ఎండకి జిగురు కారి జారిపోతుంది, ఒంగోలు ఎండలో బండిని ఒక్క మధ్యాహ్నం నిలబెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక టైరు. వెనక టైరు లావుగా ఉండాలనే కోరిక మనవాళ్లలో మహా గట్టిది. నా బండి వెనక టైరు 100/90-17. దీన్ని చదవడం సులువే: వెడల్పు 100 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ము 17 అంగుళాలు. మొత్తం ఎత్తు లెక్కేస్తే దాదాపు 612 మిల్లీమీటర్లు. 120/80-17 వేస్తే 624. ఎత్తులో పెరిగింది రెండు శాతమే కాబట్టి పికప్‌లో తేడా పెద్దగా తెలియదు. మీటరు ముందు చక్రం మీద నడిచే బండి అయితే స్పీడులో తేడా రాదు, గేరుబాక్సు నుంచి లెక్క తీసుకునేది అయితే ఆ రెండు శాతం తక్కువ చూపిస్తుంది. అసలు సమస్య అది కాదు. వెడల్పు పక్కకి పది పది మిల్లీమీటర్లు పెరిగింది, ఎడమ పక్క చైను ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు తగలదు, వెనకాల మనిషి ఎక్కి గతుకులో దిగినప్పుడు తగులుతుంది. రెండోది రిమ్ము. రిమ్ము మీద 1.85 అనో 2.15 అనో 2.50 అనో అంగుళాల్లో వెడల్పు కొట్టి ఉంటుంది. సన్న రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, పైభాగం పొంగి గుండ్రంగా తయారవుతుంది. వెనక నుంచి చూస్తే లావే, కానీ రోడ్డుకి తగిలే భాగం అంతకుముందుకన్నా తక్కువ. మలుపులో వాలినప్పుడు బండి మెల్లగా వాలకుండా ఒక్కసారిగా పడ్డట్టు ఉంటుంది. డబ్బులిచ్చి గ్రిప్పు తగ్గించుకోవడం అంటే ఇదే.

టైరు కొనేటప్పుడు పక్కన ఉండే చిన్న అంకెలు కూడా చూడండి. 55పి అని ఉంటే, 55 అంటే 218 కిలోల బరువు, పి అంటే గంటకి 150 కిలోమీటర్ల వరకు. చివర్లో నాలుగంకెలు ఉంటాయి, 2323 అంటే 2023లో ఇరవై మూడో వారం తయారీ. షాపువాడు కొత్త టైరే అంటాడు, నిజమే, వాడలేదు, కానీ షెడ్డులో నాలుగేళ్లు ఎండింది కూడా నిజమే కావచ్చు. పుల్లల చక్రానికి, అదే స్పోకుల చక్రానికి, ట్యూబ్‌లెస్ వేయించుకుంటానని ఒక కుర్రాడు వాదించాడు మొన్న. మామూలు పుల్లల రిమ్ముకి ప్రతి పుల్ల దగ్గరా ఒక బెజ్జం ఉంటుంది నాయనా, గాలి ఆడనుంచి పోతుంది.

చైన్ సెట్ సంగతి త్వరగా చెప్పేస్తా. ముందు పళ్లచక్రం 15, వెనకది 42 అనుకోండి, 42ని 15తో భాగిస్తే 2.8. ముందు ఒక పన్ను తగ్గించి 14 చేస్తే 3.0. లాగుడు ఏడు శాతం పెరిగింది, బండి గేరులో ఎగిరినట్టు లేస్తుంది, సంతోషమే. అదే బండిని కావలి నుంచి నెల్లూరు హైవే మీద ఎనభైలో పోనివ్వండి, ఇంజను అంతకుముందుకన్నా ఏడు శాతం ఎక్కువ తిరుగుతూ గోల చేస్తుంది, పెట్రోలూ తాగుతుంది. ఊళ్లో తిరిగేవాడికి పనికొస్తుంది, రోజూ హైవే ఎక్కేవాడికి దండగ. ఇక్కడి అతుకు చైను లాక్ క్లిప్పు. చేప ఆకారంలో ఉండే ఆ చిన్న రేకు మూసి ఉన్న వైపు చైను కదిలే దిక్కుకి ఉండాలి, తెరిచి ఉన్న వైపు వెనక్కి. తిరగేసి పెడితే ఏదో ఒక రాయి తగిలి క్లిప్పు ఊడుతుంది, చైను తెగి ఇంజను కేసింగుకి కొట్టుకుంటుంది.

హ్యాండిల్ మార్చేవాళ్లకి ఒక్క పరీక్ష. బిగించాక ఇంజను ఆన్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్ని ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పండి. దానంతటదే రేజ్ అయితే యాక్సిలేటర్ వైరు చాలట్లేదు, లాగుతోంది. యూ టర్న్‌లో అలా రేజ్ అయితే బండి మన చేతిలో ఉండదు. డిస్క్ బ్రేకు పైపు కూడా ఆ చివర్లో బిర్రుగా లాగకూడదు. ఆ పైపు విప్పితే రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవి ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా మూసుకోవు. బ్రేక్ ఆయిల్ పెట్రోలు ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, పక్కన తడిగుడ్డ పెట్టుకోండి.

ఇప్పుడు సైలెన్సరు. దీని మీద జరిగినంత వాదన ఊళ్లో ఎన్నికల మీద కూడా జరిగి ఉండదు. ఓపెన్ సైలెన్సరు వేస్తే పవర్ పెరుగుతుందని ఒకడు, బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే పొగకి ఎదురయ్యే ఒత్తిడి, పోయి పవర్ తగ్గుతుందని ఇంకొకడు. ఇద్దరూ సగం సగం. ఇంజనుకి బ్యాక్ ప్రెషర్ అవసరమేమీ లేదు, అది ఎప్పుడూ అడ్డంకే. ఇంజనుకి కావాల్సింది పొగ పోయే వేగం. వాల్వు తెరుచుకోగానే ఒక గుక్క పొగ పైపులో ముందుకి దూకుతుంది, దాని వెనకాల కొంచెం వెలితి ఏర్పడుతుంది, ఆ వెలితి సిలిండరులో మిగిలిన పొగని కూడా లాగేస్తుంది. పైపు మందం, పొడవు ఈ లాగుడు ఫలానా ఆర్‌పీఎంలో కుదిరేలా లెక్కేసి చేస్తారు. లావు పైపు వేస్తే పొగ మందగిస్తుంది, కింది గేర్లలో లాగుడు పోతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి లాగుతోందని చెవులు అనుకుంటాయి. మేమిద్దరం స్నేహితులం ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టుకుని నలభై నుంచి ఎనభై దాకా అటూ ఇటూ కొలిచాం, తేడా మా వేలు నొక్కడంలో వచ్చే తేడాకన్నా తక్కువ.

సైలెన్సరు మార్పులో కనిపించని అతుకు ఇంజను నోటి దగ్గరి గ్యాస్కెట్టు. కార్బురేటర్ బండి అయితే పొగ తేలిగ్గా పోయేసరికి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది, యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా పట్ పట్ మంటుంది. ఆ చప్పుడు కొందరికి ముద్దు, ఇంజనుకి కాదు. స్పార్క్ ప్లగ్గు తీసి చూడండి: లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది, తెల్లగా ఎముకలా ఉంటే పెట్రోలు చాలట్లేదు, నల్లటి మసి ఉంటే ఎక్కువైంది. కార్బురేటర్లో పెట్రోలు వచ్చే చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని జెట్టు అంటారు, దాని నంబరు మార్చి సర్దుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్6 బండ్ల కథ వేరు. పొగ గొట్టం మీద ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది, అది పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి పెట్రోలు సర్దమని కంప్యూటరుకి చెబుతుంది. మీరు పాత గ్యాస్కెట్టుతోనే బిగించి, అక్కడ వెంట్రుకంత సందు మిగిలిందనుకోండి. బయటి గాలి లోపలికి పీలుస్తుంది. సెన్సరు అది చూసి పెట్రోలు చాలట్లేదని అబద్ధపు కబురు పంపుతుంది, కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. మనం సైలెన్సరు కంపెనీని తిడుతూ ఉంటాం. చిన్న గ్యాస్కెట్టు రింగు, ఛాయ్ ఖర్చుకి కొంచెం ఎక్కువ. దానికి తోడు ఈ బండ్లలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టరు చాలాసార్లు సైలెన్సరులోనో బెండ్ పైపులోనో ఉంటుంది, అది పీకేస్తే పొల్యూషన్ పరీక్షలో దొరికిపోతారు.

సైలెన్సరు మార్చినవాడు ఆగడు, ఎయిర్ ఫిల్టరు బాక్సు పీకి కోను ఆకారపు ఫిల్టరు పెడతాడు. వేరే ఊళ్ల సంగతేమో కానీ మన జిల్లాలో ఇది మటుకు నేను వద్దనే అంటాను. చీమకుర్తి రోడ్డు మీద వారం తిరిగి మీ చొక్కా కాలరు చూసుకోండి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి పోతుంది, దాని పొడి మనకి మిగులుతుంది. కార్బురేటరుకి నేరుగా తగిలించిన కోను ఆ పొడిని ఎదురుగా నిలబడి పీలుస్తుంది. ఆ రాతిపొడి పిస్టను రింగులకి గరుకు కాగితంతో సమానం. వానలో నీళ్లు చిమ్మినా అంతే. ఫిల్టరు చుట్టూ పెట్టె పెట్టింది అందం కోసం కాదు.

సరే, కాగితం అతుకు. బండ్లు మార్చుకునే కుర్రాళ్లకి దీని మీద ఉన్నన్ని అపోహలు దేని మీదా లేవు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ చెప్పేది ఏంటంటే, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. ఆ సెక్షన్లోనే మార్పు అంటే బండి నిర్మాణం మారి దాని మూల లక్షణం మారిపోవడం అని వివరణ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చడం కుదరదని తేల్చేసింది. అదే ఏడాది చట్టం సవరించారు, 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి, గమనించండి. శబ్దం, పొగ విషయంలో 190వ సెక్షన్ ఇంకో పక్కన ఉంది, మొదటిసారికే 10,000 వరకు జరిమానా పడొచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. సైలెన్సర్లు రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు.

దీన్ని చదివి సీటు కవరు మార్చినా జైలే అని భయపడక్కర్లేదు. సీటు కవర్లు, గ్రిప్పులు, ఫోన్ హోల్డరు, పక్క సంచులు, ట్యాంకు ప్యాడ్లు, వీటి జోలికి ఎవరూ రారు. ఫ్రేము కోసి వెల్డింగ్ చేయడం, వేరే ఇంజను ఎక్కించడం, వెనక సబ్‌ఫ్రేము నరికి కేఫ్ రేసరు చేయడం, ఇవి మాత్రం అవతలి ఒడ్డు. రంగు మార్చాలంటే మార్చవచ్చు, కానీ ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, కాబట్టి ఆర్‌టీఓ ఆఫీసులో రాయించుకోవాలి. టైరు ఒక సైజు పెంచడం లాంటివి ఆపిన అధికారి చూపుని బట్టి ఉంటాయి, అది నా అనుభవం.

అందరూ మొదట పీకేసే రెండు వస్తువులకీ చట్టంలో చోటుంది, చాలామందికి తెలీదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకోవడానికి పిడి, కాళ్లకి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని చెబుతుంది. అదే మన శారీ గార్డు. ఒంగోల్లో సాయంత్రం ట్రంకు రోడ్డు మీద నిలబడి చూడండి, ఎంతమంది ఆడవాళ్లు పక్కకి కూర్చుని, ఒళ్లో పిల్లాడూ చేతిలో కూరగాయల సంచీ పట్టుకుని పోతుంటారో. మా అమ్మ కూడా అలాగే కూర్చుంటుంది. అందుకే నా బండికి ఎన్ని మార్చినా ఆ గార్డు మటుకు కదపలేదు. ఇంకోటి నంబరు ప్లేటు, 2019 ఏప్రిల్ 1 తర్వాత బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి, దాని మీద కులం పేరూ హీరో పేరూ రాయించే సరదా మానుకోవాల్సిందే.

ఇన్సూరెన్సు వాళ్లు ఇంకో పక్క. బండి దెబ్బతిని క్లెయిం పెట్టినప్పుడు సర్వేయరు వచ్చి ఫొటోలు తీస్తాడు. వైరింగ్ కోసి లైట్లు పెట్టిన బండి వైరింగ్ కాలిపోయిందంటే ఆ క్లెయిం మీద పేచీ వస్తుంది, అది మనం తెచ్చిపెట్టుకున్నదే. ఖరీదైన వస్తువు పెడితే ముందే చెప్పి, అదనపు ప్రీమియం కట్టి, పాలసీలో రాయించుకోవచ్చు. మనలో ఎంతమంది రాయిస్తారు?

కొనడం ఎక్కడ అంటే, నెల్లూరు వాళ్లకీ మనకీ మద్రాసు అలవాటు పాతదే. పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడ, జీపీ రోడ్డులో కొత్త సామాను, పుదుపేటలో పాత సామాను. పుదుపేటలో అసలైన కంపెనీ పార్టు సెకండ్స్‌లో దొరికినప్పుడు కలిగే ఆనందం వేరు. పాత పార్టుని కూడా తీసుకెళ్లండి, ఫొటో కాదు, పార్టే. ఫోర్కు గొట్టాలకి నేరుగా బిగించే క్లిప్ ఆన్ హ్యాండిల్ కొనాలంటే ఫోర్కు గొట్టం మందం కొలిచి మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్లండి. అదే మోడలుకి మధ్యలో ఏడాది మారగానే కంపెనీ ఫోర్కు మార్చేసి ఉంటుంది, ఆన్‌లైన్లో బండి పేరు ఒక్కటే చూసి కొన్నవాళ్లు దెబ్బతినేది అక్కడే.

బిగించేటప్పుడు చేతిబలం చూపించకండి. 10 నంబరు పానా పట్టే ఆరు మిల్లీమీటర్ల మామూలు బోల్టుకి కావాల్సిన బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు, అంటే జానెడు పానా చివర ఐదు కిలోల బరువు వేలాడదీసినంత. మనం పళ్లు కొరుకుతూ బిగించేది అంతకు రెండు మూడింతలు ఉంటుంది. అల్యూమినియం లోపల మర ఊడి వచ్చేస్తే ఇక లేత్ షాపే గతి. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు గాలికి తిరిగే బండి అయితే ఇంకో చిక్కు: స్టీలు బోల్టూ అల్యూమినియమూ ఉప్పుతడి తగిలి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, రెండేళ్ల తర్వాత విప్పబోతే బోల్టు తల తెగి చేతికి వస్తుంది. బిగించే ముందు మరకి కొంచెం యాంటీసీజ్ జిడ్డు రాయండి.

నా వరకు వస్తే, ఇప్పుడు బండికి మామూలు హెచ్4 బల్బు, రెండు రిలేలు, కొత్త హోల్డరు ఉన్నాయి. పీకేసిన కంపెనీ సామానంతా అటక మీద అట్టపెట్టెలో పెట్టాను, బండి అమ్మాల్సి వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫర్‌కి అవి కావాలి. పోయిన నెల వెనక షాకబ్సర్లు గ్యాసువి తెచ్చాను, మంచివే. బిగించే ముందు పాతవీ కొత్తవీ నేల మీద పక్కపక్కన పెట్టి బోల్టు పట్టే పై కన్ను నుంచి కింది కన్నుకి టేపు పెట్టాను. కొత్తవి పదిహేను మిల్లీమీటర్లు పొడుగు. వెనక భాగం అంత లేస్తే డూమ్ కిందకి చూస్తుంది, సైడ్ స్టాండు మీద బండి ఇంకా వాలిపోతుంది, చైను కింది ఆర్మ్ రబ్బరుకి ఒరుసుకుంటుంది. బాబాయ్‌ని అడిగితే, "కింద బుష్షు మార్చి లేత్‌లో సర్దిద్దాంలే" అన్నాడు. ఎంత సర్దినా కన్నుకీ కన్నుకీ మధ్య దూరం మారదు కదా అన్నాను. ఆయన పానా తల మీద గోక్కుంటూ కాసేపు ఆలోచించి, "అయితే పెట్టెలోనే ఉండనీ" అన్నాడు. పెట్టెలోనే ఉన్నాయి.